ఎవరిదో తెలియని ఎనిమిదోది

తప్పులుంటే మన్నించండి. తల నెరిశాక వచ్చిన అక్షరాలు నావి. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. నేను నిదానంగానే రాశాను, మీరూ నిదానంగానే చదవండి.

అత్తగారి బ్యాగు సర్ది గుమ్మం పక్కన పెట్టి ఉంది. ఆదివారం పెద్దకొడుకు వచ్చి తన ఇంటికి తీసుకెళ్తాడు. కుట్టుమిషను మాత్రం ఇక్కడే ఉండిపోతుంది, అక్కడ దానికి చోటు లేదట. మొగుడు పోయాక ఆవిడ ఇద్దరు కొడుకుల్నీ పెంచింది ఆ మిషను మీదే. ఇప్పటికీ ఈ వీధిలో ఎవరి బట్ట చినిగినా దాని దగ్గరికే వస్తుంది.

వెళ్లమని ఎవరూ నోరు తెరిచి అనలేదు. పొమ్మనలేక పొగబెట్టినట్టు, ఇంట్లో ఉన్న చిన్నకోడలు ఆవిడ ముందు నోరు విప్పడం మానేసింది. కారణం ఒక కుక్కరు.

మొదట ఉద్యోగం సంగతి. చిన్నకొడుకు వేరే ఉద్యోగం చూసుకుంటున్నానని హాల్లో పెళ్లాంతో గుసగుసగా చెప్పాడు. మర్నాటికల్లా అన్నగారు ఫోన్ చేసి చీవాట్లు పెట్టాడు. ఎవరో చేరవేసి ఉంటారులే అనుకున్నారు. ఆ తర్వాత ఒకరోజు కోడలు నవ్వుతూ, "మీ అన్నయ్య మాట్లాడితే కుక్కరు విజిల్ వేసినట్టే. మూడు అయ్యాకే ఆగుతారు" అంది. అత్తగారు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండు రోజులకి బావగారి ఫోన్.

"ఏమ్మా, కుక్కర్ని మాట్లాడుతున్నాను."

కోడలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫోన్ పెట్టేసి అత్తగారి వైపు తిరిగింది.

"ఆ మాట అన్నప్పుడు ఇక్కడున్నది మనం ముగ్గురమే అత్తయ్యా."

"నేను చెప్పలేదమ్మా."

"మరి గోడలు చెప్పాయా?"

చెప్పలేదని పదే పదే అని, చివరికి అత్తగారు మిషను మీద తల వాల్చి ఏడ్చింది. చిన్నకొడుకు తల్లినీ పెళ్లాన్నీ మార్చి మార్చి చూసి, బయటికి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే పెద్దవాడు, "అమ్మని కొన్నాళ్లు నా దగ్గరికి పంపండి" అన్నాడు. ఎవరూ కాదనలేదు.

శనివారం కోడలి ఆఫీసు పని మధ్యలో నిలిచిపోయింది. ఆవిడది ఇంటి నుంచే ఉద్యోగం. తెర మీద అవతలి మనిషి నోరు తెరిచి అలాగే ఉండిపోతున్నాడు.

"మన నెట్ ఎవరో తాగేస్తున్నారు" అంది.

చిన్నకొడుకు తన ఫోన్‌లో చూశాడు. ఇంటి నెట్‌కి తగులుకున్నవన్నీ అందులో వరసగా కనబడతాయి. ఎనిమిది ఉన్నాయి.

"మనకి అన్ని ఎక్కడివి? ఒక్కోటీ ఆపుతూ రా. ఏది మాయమైతే అదన్నమాట."

కోడలు టీవీ ఆపింది. "చచ్చిందా?"

"చచ్చింది."

ప్రింటరు, ల్యాప్‌టాప్, ట్యాబ్, తన ఫోన్ వరసగా పోయాయి. "అత్తయ్యా, మీ ఫోన్ కూడా" అంది. చాలా రోజులకి పిలిచిన పిలుపది. అత్తగారు తడుముకుంటూ ఆపింది. అదీ పోయింది. ఇక మిగిలింది చిన్నకొడుకు చేతిలో ఉన్న ఫోనూ, ఇంకొకటీ. దానికి పేరు లేదు. ఏవో అంకెలూ అక్షరాలూ.

"ఇదేదో మొండిఘటంలా ఉందే."

"పక్కింటివాళ్లే అయ్యుంటారు. పాస్‌వర్డ్ మార్చిపారెయ్యండి. ఎవరి నెట్ పోతే వాళ్లే ఏడుస్తారు" అంది కోడలు.

మార్చాడు. తమవన్నీ మళ్లీ కలిపాడు. ఈసారి ఏడే.

సాయంత్రమైనా కాలేదు, అత్తగారి ఫోన్ మోగింది. చేతుల్లో బట్ట ఉంది కాబట్టి స్పీకరు పెట్టింది.

"అమ్మా, మీ ఇంట్లో నెట్ పోయిందా?" పెద్దకొడుకు.

మిషను ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ పిలవకుండానే వచ్చాడు.

"నీకెలా తెలుసురా?"

అవతల దగ్గు. "ఊరికే అడిగాలే. గడియారం ప్లగ్గు గానీ ఎవరైనా తీశారా?"

ముగ్గురూ గోడ వైపు తిరిగారు. నిరుడు పెద్దవాడు తెచ్చిన గడియారం. తనే మేకు కొట్టి, తీగ బీరువా వెనక నుంచి లాగి తగిలించాడు. అమ్మకి చూపానదు, ఎర్ర అంకెలైతే బాగా కనబడతాయన్నాడు. అన్నీ ఆపారు గానీ దాని జోలికి ఎవరూ పోలేదు. గడియారానికి నెట్ దేనికి?

చిన్నకొడుకు కుర్చీ ఎక్కి దించాడు. అంకెల మధ్య ఆవగింజంత గాజుకన్ను.

"కెమెరా" అన్నాడు.

కోడలు గబుక్కున అరచేత్తో ఆ కన్ను మూసింది. ఏడాదిగా ఈ హాల్లో ఎలా కూర్చుందో, ఎలా పడుకుందో, తడి జుట్టుతో ఏ బట్టల్లో తిరిగిందో ఒక్కొక్కటే గుర్తొచ్చి, గోడకి జారగిలబడి కూలబడింది.

ఫోన్‌లో గొంతు ఆగలేదు. "అమ్మ పడిపోతే తెలుస్తుందని పెట్టాను. పెద్దవాణ్ని, నాకు బాధ్యత ఉండదా?"

"పడితే చూద్దామని పెట్టావు" అంది అత్తగారు.

"అవునమ్మా."

"మాటలు కూడా వినబడతాయి."

"వినబడతాయమ్మా."

"అయితే విన్నావు. గోడలు చెప్పాయా అని నన్నడిగిన రోజు విన్నావు. నేను చెప్పలేదమ్మా అని ఏడుస్తుంటే చూశావు. ఆ రోజు పడ్డానురా నేను. నువ్వు చూస్తూనే ఉన్నావు."

మూడు విజిళ్లు వేస్తే గానీ ఆగని మనిషి ఒక్క మాట పలకలేదు. ఆవిడే ఫోన్ పెట్టేసింది.

కోడలు లేచి, గుమ్మం పక్కనున్న బ్యాగు తెచ్చి అత్తగారి మంచం మీద పెట్టింది. జిప్పు తీసింది. "అత్తయ్యా" అంది. ఒక్కొక్క చీరే తీసి అలమరలో పెట్టసాగింది. అత్తగారు సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు.

"టైమెంతైంది?" అన్నాడు చిన్నకొడుకు, ఏదో ఒకటి అనాలి గనక.

ముగ్గురూ అలవాటుగా గోడ వైపు చూశారు. అక్కడ ఒట్టి మేకు ఉంది.

ఇట్లు,
పలకమ్మ. ఈ పేరు మా మనవరాలు పెట్టింది. అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది మా చెల్లెలింటి మేడ మీద గదిలో.