కాఫీ మిషనూ, సదానందం ఛాతీలో సాంచా

సూరత్‌లో, ఉధ్నాలోని ఆ రెండు గదుల ఇంట్లో తెల్లారడమంటే జమున మొగుడి బనీను కింద చెయ్యి పెట్టి, నిన్నటి జానెడు గుడ్డ బయటికి లాగడమే. ముప్పై ఏళ్లు సాంచ నడిపి, ఏడాది కింద పని మానేసిన సదానందం మరమగ్గాన్ని పూర్తిగా వదిలి రాలేకపోయాడు. ఒక సాంచ అతని ఛాతీలో ఉండిపోయింది. పగలంతా టకటక, టకటక. తెల్లారేసరికి ఎడమ చంక దగ్గర జానెడు తెల్లగుడ్డ. జమున దాన్ని కత్తిరించి, మడతపెట్టి, తలగడ గలీబులు కుట్టేది. ఆ గల్లీలో ఆమె గలీబు మీద తల పెట్టనివాళ్లు లేరు.

ఆ బుధవారం మాత్రం ఇంట్లో ఎవరికీ గలీబుల మీద ధ్యాస లేదు. నిన్నటి నుంచీ కాఫీ మిషను వేడెక్కడం లేదు.

ఊరొదిలి వెళ్తూ, గల్లీ చివర దవాఖానా నడిపిన డాక్టర్ హిమశ్రీ ఆ మిషన్ని సదానందం కూతురు వినోదకి ఇచ్చి వెళ్లింది. బట్టల మార్కెట్ ఎదురుగా టిఫిన్ హోటల్ నడిపే ఓంకార్ సాయంత్రం నాలుగింటికి వచ్చి కాఫీ తాగి చూస్తానన్నాడు. నచ్చితే హోటల్ ముందు మూల, కాఫీ అమ్ముకోవడానికి, వినోదది. నచ్చకపోతే రేపు పొద్దున జోల్వాలో, తండ్రి మాట్లాడి పెట్టిన మరమగ్గాల యూనిట్లో దారం చుట్టే పని. ఆ యూనిట్ చూసి రావడానికి వెళ్లిన రోజు వినోద ఛాతీలో ఒక్కసారి "టక్" అని వినిపించింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అప్పట్నించీ ఒకచోట కూర్చోలేకపోతోంది.

ప్లగ్గు మార్చింది. అదే ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెడితే ఇట్టే వేడెక్కింది. నీళ్ల డబ్బా తీసి మళ్లీ బిగించింది. మీట నొక్కితే దీపం వెలుగుతోంది, మోటారు గుర్రుమంటోంది, గొట్టంలోంచి మాత్రం చన్నీళ్లు. బోరు నీళ్ల ఉప్పు పేరుకుందేమోనని రెండు సీసాల వెనిగర్ పోసింది. ఇల్లంతా పచ్చడి జాడీ వాసన వచ్చింది తప్ప వేడి రాలేదు.

"జర కూసో బిడ్డా, నువ్వు తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నయ్," అంది జమున. అంటూనే పొద్దున లాగిన గుడ్డని వెలుతురుకి పట్టుకుని ఆగింది. "ఇదేందిది, మరక?"

వినోద లాక్కుని చూసింది. చిన్నప్పుడే తండ్రి దగ్గర గుడ్డ చదవడం నేర్చుకున్న పిల్ల. గుడ్డ మొదట్లోనే, వేలు వెడల్పున, పేక వదులై గోధుమరంగు చార. వాసన చూస్తే మాడు. జానెడులో ఎంత పైన ఉందో బొటనవేలితో కొలిచింది. నిన్న పొద్దున ఆరున్నరకి, ఏడుకి నడుమ. తను పాలకి వెళ్లిన వేళ.

"బాపూ," అంది తియ్యగా, "నిన్న పొద్దుగాల నేను పాలకు వోయినప్పుడు ఏం జేసినవ్?"

సదానందం ఛాతీలో టకటక ఠక్కున ఆగిపోయింది.

"ఏం జేస్త? పండ్లు తోముకున్న."

"అర్ధగంటనా?"

"మస్తు తోమిన."

"ఉన్నయే పద్నాలుగు పండ్లు," అంది జమున స్టవ్వు దగ్గర్నించి.

వినోద చారని తండ్రి ముక్కు కింద పెట్టింది. సదానందం దాని వంక చూశాడు, గోడ వంక చూశాడు, గోడ మీద బల్లి వంక చూశాడు. బల్లి కూడా సాయం చెయ్యలేదు.

"మనింటికి కొత్త మిషను కద బిడ్డా. జర కీళ్లు వదులైతయని ఖాళీగ తిప్పిన. కొత్త సాంచ బిగిస్తే నూలు ఎక్కియ్యకుండ ఒక పూట తిప్పమా, గట్లనే."

"నీళ్లు లేకుండనా?"

"సాంచకు నీళ్లు పోస్తరా?"

వినోదకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మిషను ఎలా వాడాలో తను చూసిన వీడియోలో చెప్పారు. నీళ్లు లేకుండా కాలితే, ఇల్లు తగలబడకుండా లోపల ఒక చిన్న ఫ్యూజు తనంతట తనే పోతుందట. మిషన్ని ఖాళీగా తిప్పే బుద్ధిమంతులు తన ఇంట్లో ఉండరనుకుని ఆ ముక్క దాటేసింది. ఇప్పుడు ప్లగ్గు పీకి, అడుగు రేకు విప్పింది. నీళ్లు కాగే గిన్నెకి ఆనుకుని, తెల్లటి గొట్టంలో అగ్గిపుల్లంత ఫ్యూజు. కింద ఫ్యాన్ల మోటార్లకి తీగ చుట్టే దేవదాస్ దగ్గర తెచ్చిన మీటరు పెడితే కూత లేదు, అంటే ఫ్యూజు పోయినట్టే.

"దీని మీదున్న నంబరుదే తేవాలె. వేరేది తెస్తే మళ్ల పంపిస్త," అంది. సదానందం చెప్పులు తారుమారుగా తొడుక్కుని పరుగెత్తాడు. మూడు దుకాణాలు తిరిగి, మూడున్నరకి చెమటతో వచ్చాడు. టంకం పెడితే ఆ వేడికే కొత్తదీ పోతుందని, తీగల్ని పట్టకారుతో తనే నొక్కి బిగించాడు. ముప్పై ఏళ్ల చెయ్యి, ఒక్క నొక్కుకే పట్టింది. వినోద ముందు నీళ్లు పోసింది. తర్వాతే మీట నొక్కింది. కాసేపటికి గొట్టం బుస్సుమంది.

నాలుగింటికి ఓంకార్ వచ్చాడు. కాఫీ చప్పరించాడు. మిషన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. సదానందం ఛాతీలో టకటక మళ్లీ ఆగింది.

"కాఫీ బానే ఉందమ్మా," అన్నాడు చివరికి. "కానీ నడిమధ్యాహ్నం ఇది ఆగిపోతే ఎవర్ని పిలుస్తావ్? కంపెనీ వాళ్లొచ్చేసరికి వారం."

"నిన్న పొద్దున ఆగింది సార్. ఇప్పుడు తాగుతున్నరు," అంది వినోద, గుడ్డ అతని చేతిలో పెట్టి. "మా బాపు ఏం చెడగొట్టినా దీంట్ల పడ్తది. చెడగొట్టేది ఆయనే, బిగించేదీ ఆయనే."

సూరత్‌లో గుడ్డ చేతికొస్తే ఎవరి వేళ్లూ ఊరుకోవు. ఓంకార్ చారని తడిమాడు, పేకని గోటితో గీరాడు.

"మిగతాదంతా గట్టి నేత," అన్నాడు. "రేపు పొద్దున్నే మిషన్ తెచ్చెయ్. మీ నాన్నగారిని కూడా. కౌంటర్ వెనక కుర్చీ వేయిస్తాను. మీటలకి మాత్రం దూరంగా."

టకటక, టకటక.

మర్నాడు జమున బనీను కింద చెయ్యి పెడితే జానెడున్నర వచ్చింది. "గలీబులు చాలైనయ్. ఇంక దీన్నేం జెయ్యాలె?" అంది. వినోద దాన్ని నడుముకి దోపుకుంది. ఆ పూట ఓంకార్ హోటల్ ముందు మూలలో, ఆవిరి గొట్టాన్ని ఆ గుడ్డతో తుడుస్తూ, ఆగి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని విన్నది.

లోపల మామూలు గుండె కొట్టుకుంటోంది. వెనక కుర్చీలోంచి మాత్రం, టకటక.