దిగజారుడు పథకం

మా అక్కని చేసుకున్న బావ నగరపాలక సంస్థలో ఇంజనీరు. ఇల్లు గుట్టమీది కాలనీలో, ఆఫీసు గుట్ట కింద. ఉన్న ఒక్క బస్సు ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడి వేలాడి, ఆ కాలితోనే ఆలోచించినట్టున్నాడు: "బస్సుని ఎక్కడానికి ఉంచుదాం. దిగడానికి జారుడుబల్ల వేద్దాం!"

నవ్వినవాళ్ళు నవ్వగా మిగిలినవాళ్ళు సంతకాలు పెట్టారు. గుట్ట దిగే మెట్ల పక్కనే నున్నటి రేకుతో, మలుపుమలుపుకీ రబ్బరు అంచుతో పొడుగాటి బల్ల వెలిసింది.

తీరా ప్రారంభం రోజున జారీ అయినవి ఉత్తర్వులే. జనం మాత్రం జారలేదు. టై కట్టిన గుమాస్తా వెనకవాడికి దారిచ్చాడు. వెనకవాడు ఇంకా మర్యాదస్తుడు. క్యూ మొత్తం వెనక్కి నడిచింది.

"ఇది దిగజారుడు ఆలోచనయ్యా," అంది మేయరమ్మ.

"అవునండీ, దిగాలంటే జారాలి కదండీ!" బావ నోరే ముందు జారింది.

"మధ్యాహ్నంలోపు ఒక్క పెద్దమనిషైనా జారకపోతే రేపే పీకించేస్తా!"

బావ మొహం పాలిపోయింది. బల్ల కట్టినన్నాళ్ళూ అన్నం ముందు కూర్చున్నా కంచం వంచి వాలు చూసుకున్న మనిషి మరి.

"నువ్వు జారరా," అన్నాడు నాతో.

"నా నడుం కొలత తీసుకుని కట్టావా? నువ్వే జారొచ్చుగా బావా!"

"ఎత్తు నుంచి చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయిరా," అని చెవిలో గొణిగాడు.

అంతలో జనాన్ని తోసుకుంటూ మా అమ్మ వచ్చింది. పెళ్ళినాటి నుంచీ బావ చేసిన ఏ పనీ మెచ్చని అత్తగారు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని బల్లమీద చతికిలబడింది.

"అత్తయ్యగారూ, మీకెందుకండీ!"

"మీ తెలివిమీద నాకు నమ్మకం లేదు అల్లుడుగారూ. మీరు బిగించిన నట్టుమీద ఉంది. మీరు బాగుచేసిన మా కుర్చీ ఇప్పటిదాకా ఊగలేదు."

సర్రుమంది! మొదటి మలుపులో "ఓరి నాయనో", రెండో మలుపులో నవ్వు, కిందనుంచి కేక: "మోకాళ్ళు భద్రం! పైకి బస్సెప్పుడు? ఇంకోసారి జారాలి!"

గుమాస్తా టై భుజాన వేసుకున్నాడు. మర్యాదస్తులంతా ఒకరినొకరు తోసుకున్నారు. చివరికి మేయరమ్మే కళ్ళజోడు సంచిలో దాచి, "తప్పుకోండయ్యా!" అంది. కాసేపటికి కిందనుంచి ఆమె గొంతు: "ఇంజనీరుగారూ, బల్ల ఉంటుంది! దిగిరండి, చెయ్యి కలపాలి!"

బావ నిబ్బరంగా మెట్లవైపు తిరిగాడు. బావమరిది ఉన్నది ఇంకెందుకు? రెండు భుజాలూ పట్టి కూర్చోబెట్టి, ఒక్క తోపు తోశాను.

"ఒరేయ్ బావమరి..."

ఆ చివరి "దీ" మలుపు దాటాక వినబడింది.