చిప్పతో పొదిగిన ఊరు

దిల్‌సుఖ్‌నగర్‌లో పెడల్ స్టీల్ గిటార్లు చేసే జానయ్య, ప్రతి గిటార్ ముందు పలక మీద చేయించుకున్నవాళ్ల సొంతూరి పేరును ముత్యపు చిప్పతో పొదుగుతాడు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో, ఎల్బీనగర్ నుంచి పట్టాభి తన గిటార్ కోసం వచ్చాడు. నల్లచెక్కలో మెరుస్తున్న 'గుడివాడ'ను చూసి తడబడ్డాడు.

"ఈ పేరు తీసేయండి జానయ్యగారూ."

జానయ్యకు ఒళ్లు మండింది. "తెలంగాణ కావాలని జెండ పట్టిన. గంతేగాని మీ ఊరు చెరపమన్ననా సారూ? చిప్ప తీస్తే చెక్క లేస్తది. గసొంటి గిటార్ నా చేతులకెళ్లి పోదు."

"మా అమ్మాయి బడిలో ఊరి పేరు చెప్పడం మానేసిందండీ," అన్నాడు పట్టాభి. "ఇప్పుడు ఇంట్లో కూడా."

జానయ్య ఉలి అందుకున్నాడు. మొదటి అక్షరంతోపాటే చెక్క పెచ్చుగా లేచింది.