‘వాదో’ అనే నేను

నేను ఒక క్రియని. చేతికి చిక్కను, పాత సామాన్లవాడు కూడా నన్ను కొనడు. మనుషుల నోళ్ళలోనే నా కాపురం. పుట్టింది లాటిన్‌లో, ‘వాదెరె’ అన్న పేరుతో. నా అర్థం వెళ్ళడం. అదీ మామూలుగా కాదు, దూసుకువెళ్ళడం. మామూలు నడకకు ‘ఈరె’ అనే అక్క ఉండేది. ఆవిడ రూపాలు మరీ పొట్టివి, పలికితే వినపడేవి కావు. జనం ఆవిడను మరిచిపోయి, ఆ చాకిరీ నాకు అంటగట్టారు.

ఇటాలియన్‌లోకి వచ్చేసరికి వాదో, వాయ్, వా, వాన్నో మిగిలాయి. నేను వెళ్తాను, నువ్వు వెళ్తావు, అతను వెళ్తాడు, వాళ్ళు వెళ్తారు. ‘మనం వెళ్దాం’, ‘మీరు వెళ్తారు’ మాత్రం ‘అందారె’ అనే మరో క్రియ పట్టుకుపోయింది. దాని పుట్టుపూర్వోత్తరాలు పండితులకే తేలలేదు. తేలకపోతే పోనీ, తోడుగా వెళ్ళేటప్పుడు నన్నెవరూ పిలవరు, అదీ నా ఏడుపు.

అలా తిరిగి తిరిగి ఇటలీలో ఎర్సీలియా అనే ముసలావిడ ఇంటికి చేరాను. ఏళ్ళ కిందట ఒకనాడు ఆవిడ భర్త గుమ్మంలో ‘వాదో’ అని పనికి వెళ్ళి, మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి నా పేరు వింటే ఆవిడ వణికిపోయేది, అతన్ని నేనే తీసుకుపోయినట్టు.

ఆవిడను చూసుకోవడానికి బాపట్ల నుంచి రూతమ్మ వచ్చింది. మొదటిరోజు బజారుకు బయల్దేరుతూ నన్ను అనబోయి ఆగింది. వాళ్ళ వైపు ఉత్త ‘వెళ్తున్నా’ అని ఎవరూ గడప దాటరట. అందుకని నా పక్కన తిరిగొస్తానని చెప్పే ‘తోర్నో’ను కూర్చోబెట్టింది. “వాదో ఎ తోర్నో.” వెళ్ళొస్తాను. అన్నట్టే వచ్చింది కూడా. రోజూ వచ్చేది. ఎర్సీలియా వణుకు తగ్గింది. నాకూ ఒక తోడు దొరికింది.

ఈ చలికాలం ఎర్సీలియా మంచం పట్టింది. ఒక ఉదయం ఆవిడ రూతమ్మ చెయ్యి పట్టుకుని, నన్నొక్కదాన్నే పలికింది. “వాదో.”

“అయ్యో, అట్టా అనకూడదమ్మా!” కంగారులో రూతమ్మకు తెలుగే వచ్చింది. “ఎల్లొస్తానని అనండి. మా తల్లి కదూ, ఎల్లొస్తానని అనండి!”

తెలుగు రాకపోయినా ఆవిడకు అర్థమైంది. ఊపిరి కూడదీసుకుని, “వాదో ఎ తోర్నో” అంది. నాతో ఎన్నో అబద్ధాలు ఆడారు మనుషులు. ప్రేమకొద్దీ ఆడిన ఈ అబద్ధానికి మాత్రం నా గుండె పగిలింది. ఆ తర్వాత ఆవిడ మాట్లాడలేదు.

అంత్యక్రియలయ్యాక రూతమ్మ తన పెట్టె సర్దుకుంది. గుమ్మంలో నిలబడి, ఖాళీ మంచం వైపు తిరిగింది.

“వాదో” అంది.

తోర్నో కోసం కాసేపు చూశాను. రూతమ్మ తలుపు వేసింది.