చెల్లెలి ఆదివారపు బట్టలు

మార్చి తొమ్మిదో తేదీ, ఆదివారం. ఆ మధ్యాహ్నం అన్నం, బంగాళాదుంప కూర, ఉడికించిన గుడ్లు తిన్నారు. చివర్లో చెల్లెలు అన్నగారింటి ఓవెన్‌లోనే చేసిన బియ్యప్పిండి కేకు. అది నడిమధ్య పగిలిందని ఆమె నొచ్చుకుంది. "గోధుమపిండికున్న బుద్ధి దీనికి లేదన్నయ్యా, ఎంత బతిమాలినా మాట వినదు" అంది. మేనకోడలు నవ్వి రెండో ముక్క అడిగింది. ముగ్గురూ అలా నవ్వుకుంటూ తిన్న ఆఖరి భోజనం అదేనని ఆ అన్నకు అప్పుడు తెలియదు.

ఆయన కాలేజీలో రసాయన ప్రయోగశాల చూసుకుని రిటైరైన మనిషి. భార్య పోయాక కూతురే లోకం. ఆ పిల్లకు బడికి వెళ్లే వయసులోనే సీలియాక్ జబ్బు బయటపడింది. గోధుమ ఏ కాస్త కడుపులోకి వెళ్లినా పేగుల లోపలి పొర దెబ్బతింటుంది. కడుపునొప్పి, విరేచనాలు, నోటిపూత. గోధుమను, బార్లీ లాంటి దాని చుట్టాలను దరిచేరనివ్వకపోవడమే మందు. అందుకని ఆయన వంటింటిని ప్రయోగశాలలాగే నడిపాడు. ప్రతి డబ్బాకూ చీటీ, ప్రతి గరిటెకూ చోటు. "ఈ ఇంట్లో గోధుమ అనే మాటను కూడా చెప్పులతో పాటు బయటే విడిచి రావాలి" అని చెల్లెలు ఆటపట్టించేది.

ఆటపట్టించినా అందరికంటే ఎక్కువ జాగ్రత్త ఆమెదే. ఆమెకు ఊళ్లో చిన్న బేకరీ ఉంది. తెల్లవారుజామునే పిండి కలపడం మొదలుపెడితే కనురెప్పల మీద కూడా పిండే. ఆదివారం వచ్చినప్పుడల్లా పెరటి గుమ్మంలోంచి వచ్చి, తలారా స్నానం చేసి, స్నానాలగది కొక్కేనికి వేలాడే తన బట్టలు కట్టుకున్నాకే వంటింట్లో అడుగుపెట్టేది. ఆ బట్టలు ఏనాడూ ఆ ఇల్లు దాటలేదు. ఈ నియమం ఎవరూ పెట్టలేదు. వదిన పోయిన నెలలో, తనంతట తానే పెట్టుకుంది.

కూతురు రైల్వే స్టేషన్లో అనౌన్సరు. ఆ చలికాలం నుంచి ఎందుకో డీలా పడిపోయింది. ఎంత పడుకున్నా నిద్ర తీరదు. అందరూ ఫ్యాను వేసుకుంటే తను స్వెట్టరు తొడుక్కుంటుంది. దువ్వెన నిండా జుట్టు. తినేది పిట్టంత, ఒళ్లు మాత్రం బరువెక్కుతోంది. గొంతు బొంగురుపోయింది. "ఏమ్మా, మైకు ముందు మీ నాన్నగారిని కూర్చోబెట్టావా?" అని స్టేషన్ మాస్టరు నవ్వాడట.

ఒక సాయంత్రం ఆమే అంది. "నాన్నా, ఇది గోధుమ వల్ల కాదేమో. కడుపునొప్పి లేదు, నోరు పూయలేదు. థైరాయిడ్ ఏమోనని నా అనుమానం. మన జబ్బున్నవాళ్లకి అది కూడా వచ్చే అవకాశం ఎక్కువని డాక్టరు చెప్పారు, గుర్తుందా?"

"ఉన్నదొకటి చాలదా తల్లీ, ఇంకోదాన్ని పిలిచి పీట వెయ్యాలా? ఎక్కడో గోధుమ తగులుతోంది. అది దొరికితే అన్నీ సర్దుకుంటాయి."

"దొరక్కపోతే?"

"నేను వెతికితే దొరక్కపోవడమా!"

ఆమె స్వెట్టరు దగ్గరకు లాక్కుని లేచి వెళ్లిపోయింది. వాదించడానికి కూడా ఓపిక లేదని ఆయనకు తోచలేదు. నిజానికి ఆయనకు భయం వేసింది. గోధుమ పాత శత్రువు. దాని రాకపోకలన్నీ తెలుసు. ఈ కొత్తదాని ముఖం ఎలా ఉంటుందో తెలియదు.

జల్లెడ మార్చాడు. చెక్క గరిటెలు పారేశాడు. పళ్లపొడి దగ్గర్నుంచి మందుబిళ్లల దాకా పెట్టెల మీది సన్నటి అక్షరాలన్నీ భూతద్దంతో చదివాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు. ఇక ఇంట్లో మిగిలింది కొక్కేనికి వేలాడుతున్న ఆ బట్టలు.

ఆ వారం చెల్లెలు పెరటి గుమ్మం దగ్గరకు వచ్చేసరికి ఆయన ఆ బట్టల మూట పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంటన్నయ్యా, ఎదురొచ్చి బట్టలందిస్తున్నావు? ఎన్నడూ లేని మర్యాద!"

"అది కాదే. పిల్ల బాగుపడేదాకా నువ్వు రాకపోతే మంచిదేమో. పిండి జుట్టులో ఉండిపోతుంది. ఎంత కడుక్కున్నా..."

ఆమె నవ్వు సగంలో ఆగింది. "అంటే పిల్లకి జబ్బు నేను మోసుకొస్తున్నానా?"

"కావాలని చేశావన్నానా?"

"తెలివి లేక చేశానంటావు. అదింకా బావుంది."

మూట తీసుకుంది. పిల్ల లేచిందా అని అడగబోయి, మానుకుని, వెళ్లిపోయింది. అత్త రాలేదేమని కూతురు లేచి అడిగితే, పని ఎక్కువగా ఉందటలే అన్నాడు ఆయన.

ఎండలు ముదిరాయి. ఆదివారాలు చప్పగా గడిచాయి. కూతురు బాగుపడలేదు సరికదా, ఒకరోజు మైకు ముందే కునుకుపట్టి, ఉలిక్కిపడి లేచి ప్లాట్‌ఫారం నంబరు తప్పు చెప్పింది. పెట్టెలు, పిల్లలతో జనం వంతెన మీద అటూ ఇటూ పరుగులు పెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మర్నాటి నుంచి ఆమెను మైకు దగ్గర్నుంచి తీసి సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. అప్పుడు ఎవరినీ అడక్కుండా తనే వెళ్లి రక్తపరీక్ష చేయించుకుంది.

"థైరాయిడే నాన్నా. బాగా తక్కువగా పనిచేస్తోందట. పేగుల మీద ఎలా తిరగబడిందో, నా ఒళ్లు దీని మీద కూడా అలాగే తిరగబడిందట. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక బిళ్ల. అందులో గోధుమ లేదని కూడా కనుక్కున్నాను, నువ్వు భూతద్దం తీయక్కర్లేదు."

"మరి గోధుమ పరీక్ష?"

"అది మామూలుగానే ఉంది. గోధుమ తగులుతున్న జాడే లేదన్నారు. మీ ఇల్లు చాలా జాగ్రత్తగా నడుస్తోందని మెచ్చుకున్నారు కూడా." ఫోను చేతిలోకి తీసుకుంది. "ఉండు, అత్తకి చెప్తాను. పాపం ఆర్డర్లతో సతమతమైపోతోంది."

"ఆర్డర్లని ఎవరు చెప్పారు?"

"అత్తే. ఎప్పుడు ఫోన్ చేసినా అదే మాట."

చెల్లెలు ఇన్నాళ్లూ ఆయన అబద్ధానికి కాపలా కాసింది. దాచడం ఇక చేతకాక, జరిగిందంతా కూతురికి చెప్పేశాడు. ఆమె ఫోను పక్కన పెట్టేసింది. తర్వాత, "నా పేరు చెప్పి అత్తని పంపించేశావా నాన్నా?" అంది. ఆ బొంగురు గొంతులో కోపం కూడా సరిగా పలకలేదు.

అప్పటికప్పుడే బేకరీకి వెళ్లాడు. చెల్లెలు బల్లకంటిన పిండి గీకుతోంది. "రండి అన్నయ్యగారూ. గుమ్మంలోనే ఆగండి, పిండి అంటుకుంటుంది."

ఆయన లోపలికి వెళ్లాడు. "పిల్లకి థైరాయిడ్ అటే."

ఆమె చెయ్యి ఆగింది. వెటకారం ఎగిరిపోయింది. "ఎక్కువా, తక్కువా?"

"తక్కువ. మందుంది."

"హమ్మయ్య." కొంగుతో ముఖం తుడుచుకుంది. చెంప మీద ఇంకాస్త పిండి చేరింది.

"గోధుమ అసలు లేదట. నీ తప్పేమీ లేదు."

"ఆ సంగతి నాకు తెలుసు. నీకు తెలియడానికి పిల్ల రక్తం తీయాల్సొచ్చింది."

ఆయన తల వంచుకున్నాడు. ఆమె మళ్లీ గీకడం మొదలుపెట్టి, బల్లను చూస్తూనే అంది. "నువ్వు ఒక్కసారే అన్నావు. నేను తలకి పోసుకున్న ప్రతిసారీ విన్నాను. ఎంత కడిగినా ఇంకా ఉందేమోనని రుద్దుకునేదాన్ని. కొన్నాళ్లకి నిజంగా నేనేనేమో అనిపించింది."

"ఈ ఆదివారం రావే."

"వస్తాను, పిల్లని చూడొద్దూ! కానీ వంట నువ్వే చెయ్యి. కోపం కాదన్నయ్యా. నీ వంటింట్లో ఇంక నాకు చేతులాడవు."

అన్నట్టే వచ్చింది. ఇంటి దగ్గరే స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, ముందు గుమ్మంలోంచి చుట్టంలా వచ్చింది. కూతురు ఆమె మెడ పట్టుకుని వదల్లేదు. ఈ రాత్రికి ఉండిపోవాల్సిందేనని పట్టుబట్టింది. రాత్రి ఆయన వండిన కూరలో ఉప్పు లేదు. "రక్తపోటుకి కూడా ముందుజాగ్రత్త కాబోలు" అంది చెల్లెలు. అందరూ నవ్వారు. ఆ నవ్వు మునుపటిది కాదని ముగ్గురికీ తెలుసు. అయినా ఆయనకు అదే పదివేలు అనిపించింది.

భోజనాలయ్యాక ఆమె వంటింటి గడప ఇవతలే నిలబడి, ఎంగిలి కంచాలు ఒక్కొక్కటే అందించింది. లోపలికి రమ్మందామని ఆయన రెండుసార్లు నోరు తెరిచాడు. ఆమె పాదాలు గడపకు జానెడు దూరంలో ఆగి ఉండటం చూసి, కంచం అందుకుని కడిగాడు.

మందు పనిచేయడానికి ఇంకా వారాలు పడుతుంది. కూతురు మాటల మధ్యలోనే వెళ్లి మంచం మీద ఒరిగిపోయింది. చెల్లెలు వెనకే వెళ్లి, కాళ్ల దగ్గరున్న రెండో దుప్పటి భుజాల దాకా లాగి, దీపం తీసేసి, ఒక్క క్షణం పిల్ల ఊపిరి విన్నది. తర్వాత బయటికొచ్చి, గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డంపెట్టి, తలుపు నెమ్మదిగా దగ్గరకు వేసింది.