మే పదిహేను రేకు

ఆత్రేయపురంలో తెల్లారేది కొబ్బరాకుల పొగతో. వీరవేణి గారి వసారాలో మాత్రం పొగతోపాటు జనం కూడా పోగయ్యేవారు. బోర్లించిన కుండ కింద మంట అందుకోగానే ఆవిడ పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క ఊపున పరిచి లాగేసేది. కాగితం కన్నా పల్చగా రేకు లేచేది. పొద్దుటి రేకుల్లో కొన్నిటి మీద, వెనకటి సంవత్సరాల్లో అదే తారీకున లోకంలో జరిగిందేదో బొమ్మకట్టి వచ్చేది. గోధుమరంగు గీతలే గానీ, మనిషి ముక్కూ మొహం ఆనవాలు పట్టేంత తీరుగా ఉండేవి.

చందమామ మీద మనిషి దిగిన రోజు వస్తే పిల్లలు ఆ రేకు కోసం జుట్లు పట్టుకునేవారు. మనవాళ్ళు మొదటిసారి క్రికెట్ కప్పు ఎత్తిన రోజున కుర్రాళ్ళు రేకుని పళ్ళెంలో పెట్టి ఊరేగించేవారు. పాలకొల్లులో ఏదైనా సినిమా వంద రోజులాడిన తారీకయితే అభిమానులు కొబ్బరికాయ కొట్టేవారు. చూడ్డం అయ్యాక వీరవేణి నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, మడత పెట్టి ఎవరో ఒకరి చేతిలో పెట్టేది. కుండ వాళ్ళత్తగారి నాటిది. రేకు చిరగకుండా లేస్తుందని తప్ప దాని గురించి ఆవిడ ఇంకేమీ గొప్ప చెప్పేది కాదు.

ఆ రేకుల మీదే మురళీకృష్ణ ఉద్యోగం నడుస్తోంది. రావులపాలెం లోకల్ ఛానెల్లో రోజూ పొద్దున్న "ఈరోజే" కార్యక్రమం చదివేది అతనే. వీరవేణి కూతురు సత్యశ్రీ బొమ్మని ఫోన్లో తీసి, అది ఏ ఏడాదిదో వెతికి, అతనికి పంపేది. కొన్నాళ్ళకి ఫోటో సరిగ్గా రాలేదనే వంకతో అతనే బండేసుకుని రావడం మొదలెట్టాడు. ఊరందరికీ పిన్నిగారైన వీరవేణిని అతను మాత్రం మొదటిరోజు నుంచీ అత్తయ్యగారనే పిలిచేవాడు. వీరవేణికి అర్థమైంది. సత్యశ్రీకి అంతకుముందే అర్థమైంది. అర్థమైనా ఒప్పుకోనిది అప్పాజీ, సత్యశ్రీ తండ్రి.

"కుర్రాడు బంగారమే. కాదన్నానా? పుట్టినరోజు లేనోడికి జాతకం ఎక్కణ్ణించి తెమ్మంటారు?" అనేవాడాయన.

ఎనభయ్యారు వరదల్లో లంకల మీదుగా కొట్టుకుపోతున్న గడ్డిమేటు మీద మూడు నెలల పిల్లాడు దొరికితే, పడవ నడిపే శ్యాంబాబు తెచ్చి భార్య పాపాయమ్మ ఒళ్ళో పడుకోబెట్టాడు. ఆ పిల్లాడే మురళి. బళ్ళో వేసేటప్పుడు హెడ్మాస్టరుగారు అందరికీ వేసినట్టే జూన్ ఒకటి వేశారు. ఆ క్లాసులో సగం మంది జూన్ ఒకటినే పుట్టారు. అది బడికి చెల్లింది గానీ అప్పాజీకి చెల్లలేదు. ఎన్ని సంబంధాలొచ్చినా సత్యశ్రీ ఏదో ఒక వంక పెట్టి తిప్పికొడుతూనే ఉంది. లోకంలో అందరి పుట్టినరోజులూ గొంతు సవరించుకుని చదివే మురళికి, ఎవరన్నా "మరి నీదెప్పుడోయ్?" అనడిగితే నవ్వేసి ఊరుకోవడం అలవాటైపోయింది.

మే పదిహేను కాటన్ దొర పుట్టినరోజు. ఏటా ఆ పొద్దున మురళి ధవళేశ్వరంలో ఉండేవాడు, దొర విగ్రహానికి దండలు వేయడం చూపించడానికి. ఈసారి కెమెరా ఇచ్చి ఛానెల్లో తనతో పనిచేసే గణేష్‌బాబుని పంపేసి, తను తిన్నగా ఆత్రేయపురం వచ్చాడు. వచ్చాక ఏం చేయాలో తోచక పొయ్యి ఎదురుగా కూర్చుండిపోయాడు.

"ధవళేశ్వరం వెళ్ళలేదా?" సత్యశ్రీ ఫోన్లోంచి తలెత్తకుండానే అడిగింది.

"లేదండి. ఊరికే ఇటొచ్చాను."

"ఊరికేనా! పదింటికి కాకినాడ నుంచి నన్ను చూసుకోడానికి వస్తున్నారు. అది చూద్దామని వచ్చారేమో అనుకున్నాను."

మురళి పొగకి కళ్ళు మండినట్టు తుడుచుకున్నాడు.

వీరవేణి మొదటి రేకు తీసింది. ఆనకట్టా, టోపీ పెట్టుకున్న దొరా. అందరూ దణ్ణం పెట్టారు. తర్వాతి దాని మీద కొట్టు ముందు వందలమంది ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటున్నారు.

"ఇదేం జాతరే?" అంది వీరవేణి.

"అమెరికాలో నైలాన్ మేజోళ్ళు అమ్మకానికొచ్చిన రోజమ్మా. పంతొమ్మిది వందల నలభై."

"మేజోళ్ళకా ఇంత తోపులాట! మనూరి చీరల కొట్టు నయం."

ఇంకోదాని మీద శంకువులాంటిది ఆకాశంలోకి పోతోంది. రష్యావాళ్ళు పంపిన మూడో స్పుత్నిక్ అంది సత్యశ్రీ. చూసినవాళ్ళు చూసి లేవబోతుండగా వీరవేణి మరో రేకు లాగి, చేతిలోనే ఆపేసింది.

పశువుల పాక. చూరు కింద నుంచి అప్పుడే పొడుస్తున్న సూర్యుడు. గడ్డిమోపుకి చేరగిలబడి ఒకావిడ, జుట్టంతా రేగిపోయి, ఒళ్ళో పసిగుడ్డుని చూసి నవ్వుతోంది. పసివాడు ఎడమచెయ్యి పైకెత్తి ఉన్నాడు. చిటికెన వేలి పక్కన ఆరో వేలు, బియ్యపుగింజంత.

వసారాలో అందరి కళ్ళూ మురళి ఎడమచేతి ఆరోవేలి మీదకి తిరిగాయి. అతను ఆ చెయ్యి దాచుకోబోయి, మళ్ళీ తీసి చూసుకున్నాడు. ఆవిడ గడ్డం మధ్య చిన్న సొట్ట ఉంది. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు మురళికి బ్లేడు కోసుకునేది అక్కడే.

"ఇన్నేళ్ళూ ఈ రోజున నువ్విక్కడ కూర్చుంటే కదా నాన్నా, నీ బొమ్మ పడేది," అంది వీరవేణి మెల్లిగా.

సత్యశ్రీ ఫోటో తీయడం మర్చిపోయి, వచ్చి అతని పక్కన కూర్చుంది. అందరి ముందూ. అప్పాజీ అది చూశాడు. కండువా భుజానేసుకుని పక్క వీధిలోంచి సిద్ధాంతిగారిని వెంటబెట్టుకొచ్చాడు.

సిద్ధాంతిగారు రేకులో సూర్యుణ్ణి చూసి పుట్టిన వేళ కట్టారు. వేళ్ళ మీద ఏదో లెక్కేశారు. సత్యశ్రీ నక్షత్రం పక్కన పెట్టి మళ్ళీ లెక్కేశారు. చివరికి కళ్ళజోడు తీసేశారు.

"కుదర్లేదు అప్పాజీ. నాడి కలవలేదు, గణం అసలే కలవలేదు. ఇంత కలవని జాతకాలు నేను ఈమధ్య చూళ్ళేదు."

అప్పాజీ రేకులో ఆవిడ మొహంకేసి చాలాసేపు చూశాడు.

"జాతకం లేదన్నాను గానీ సిద్ధాంతిగారూ, కలవాలని నేనెప్పుడన్నానండీ?"

"మరి నన్నెందుకు పిలిచినట్టు?"

"ముహూర్తం పెట్టడానికండి. పురిటి గడ్డిమీద కూర్చుని ఆ తల్లి అలా నవ్వుతుంటే, నీ కొడుకు మాకొద్దమ్మా అని ఆవిడ మొహమ్మీద నన్ను చెప్పమంటారా?"

వసారాలో ఎవరో ఈల వేశారు. సత్యశ్రీ తల దించుకుంది గానీ, నవ్వు ఆపుకోలేక భుజాలు కదిలిపోతున్నాయి. అప్పాజీ కాకినాడ వాళ్ళకి ఫోన్ చేస్తానని లేచాడు.

"బయల్దేరిపోయుంటారు, రానివ్వండి," అంది వీరవేణి. "పెళ్ళికూతురు లేకపోయినా పెసరట్లున్నాయి కదా."

ఆవిడ నెయ్యి గిన్నె అందుకోబోతుంటే మురళి అడ్డం పడ్డాడు.

"వద్దండి అత్తయ్యగారూ. ఇది మడవకండి. మా అమ్మకి చూపించాలి."

తడిగుడ్డ మధ్య రేకుని పెట్టి, పళ్ళెం సత్యశ్రీ ఒళ్ళో పెట్టుకుంటే, మురళి బండి సైకిల్ కన్నా నెమ్మదిగా నడిపాడు. గట్టు దిగాక రేవులో లంకలోని మురళి ఇంటికి పడవెక్కారు. పాపాయమ్మ అరటితోట పక్కన ఇంటి అరుగు మీద మామిడికాయ ముక్కలు ఎండబెడుతోంది. కొడుకు వెనకాల ఆడపిల్లని చూసి సంబరంగా లేవబోయింది. గుడ్డ తీసి చూపించేసరికి కూలబడి, ఉప్పు చేతులు చీరకేసి గట్టిగా తుడుచుకుంది.

మురళి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ విన్నదో లేదో తెలీదు. ముందు పిల్లాడి వేలు చూసింది. తర్వాత ఆ తల్లి మొహం చూసింది. నలభై ఏళ్ళుగా, తుఫాను గాలి వీచిన ప్రతిసారీ, ఎవరో వచ్చి నా బిడ్డ ఏడీ అని అడుగుతారేమోనని ఆవిడ తలుపు గడియ బిగించుకునేది. ఆ సంగతి మురళికి కూడా తెలీదు.

పాపాయమ్మ పళ్ళెం దగ్గరకి ఒంగి, పక్కింటావిడతో మాట్లాడినట్టు అడిగింది.

"ఏమ్మా, నీ పిల్లాణ్ణి బాగానే పెంచానా?"

రేకులో ఆవిడ నవ్వుతూనే ఉంది.