షుకూర్ బాబాయ్ వార్త

రుక్సానా చేసిన తప్పల్లా ఒక్కటే. తెనాలిలో రంగనాయకులు గారి ధాన్యం గోదాం గోడ కూలి తండ్రి దాని కింద ఉండిపోయాడని తెలియగానే, పోలీసులకంటే ముందు జయకృష్ణకి ఫోన్ చేసింది. చెయ్యదూ మరి? సొంత వీధివాడు, పేపరు విలేకరి. చిన్నప్పుడు వాడు సైకిల్ నేర్చుకుంటుంటే వెనక సీటు పట్టుకుని పరిగెత్తింది ఆమె తండ్రి అబ్దుల్ షుకూరే.

"నువ్వేం కంగారుపడకు చెల్లెమ్మా, షుకూర్ బాబాయ్ సంగతి నేను చూసుకుంటా" అన్నాడు జయకృష్ణ. చూసుకున్నాడు, ఎంత బాగా చూసుకున్నాడనీ!

మర్నాడు పేపర్లో నాలుగే లైన్లు. "మద్యం మత్తులో గోడ పక్కన నిద్రిస్తూ హమాలీ షుకూర్ (58) మృతి." గోదాం ఎవరిదో లేదు. గోడ బీటలిచ్చిందని షుకూర్ నెల్లాళ్ళుగా మొత్తుకున్న మాటా లేదు. ఆ పక్కనే మూరెడు పొడుగున రంగనాయకులు గారికి పుట్టినరోజు శుభాకాంక్షలు. దాత అట, పేదల పెన్నిధి అట! ఆ ప్రకటన తెచ్చిందీ జయకృష్ణే. ఊళ్ళో విలేకరి అన్నాక వార్తలతోపాటు ప్రకటనలూ తేవాలి.

ఐదు పూటలా నమాజు చేసిన మనిషి, కల్లు వాసన కూడా ఎరగడు. రుక్సానాకి ఒళ్ళు మండిపోయింది. స్టేషన్‌కి పరిగెత్తింది.

"గోడ బాగుచేయించమంటే రంగనాయకులు గారు చేయించలేదండి. అది రాయండి సార్."

"ఏంటమ్మా, పేపర్లో అంత వివరంగా వేస్తే నువ్వు కాదంటావేంటి?" అన్నాడు కానిస్టేబుల్. ఆయన ముందున్న కాగితంలో అవే మాటలు అప్పటికే ఎక్కేశాయి.

జయకృష్ణ టీకొట్టు దగ్గర దొరికాడు. "నా తప్పేం లేదు చెల్లెమ్మా, ఆఫీసులో మార్చేశారు" అన్నాడు.

రుక్సానా ఫోన్ తీసి చూపించింది. వీధి వాట్సాప్ గ్రూపులో ఆ వార్తే, అక్షరం మారకుండా, నిన్న మధ్యాహ్నం పన్నెండింటికి వాడే పెట్టాడు. నిన్నటి ఏడుపుల్లో దాన్ని ఆమె చూడనేలేదు.

"పన్నెండింటికి మా అబ్బాని ఇంకా బయటికే తియ్యలేదు. అప్పటికే తాగించేశావా జయన్నా?"

"రేపు సవరణ వేయిస్తా, ఒట్టు" అన్నాడు. అంత జరిగాకా ఆమె నమ్మింది, పిచ్చిది.

మర్నాడు పేపరు రాగానే తల్లి హుస్సేన్ బీ కూతుర్ని గుమ్మంలో కూచోబెట్టింది. ఆమెకి చదువు రాదు. "గట్టిగా చదువు, పక్కిళ్ళవాళ్ళకీ వినపడాలి" అంది.

రుక్సానా చదివింది. "సవరణ: నిన్నటి వార్తలో మృతుడు షుకూర్ వయసు 58 అని పొరపాటున వచ్చింది. 61గా చదువుకోగలరు."

హుస్సేన్ బీ పేపరు మీద వేలు పెట్టింది. "మరి తాగుడు సంగతి?"

"అందులో పొరపాటేం లేదంట, అమ్మీ."